చివరి సెకనులోనా, మొదటి రోజేనా? ఆన్‌లైన్ వేలంలో ఎవరు ఎలా పాడాలి

ఆరు రోజుల పాటు ఆ పెన్ను నాదే. ఏ పూట సైట్ తెరిచినా పేజీ పైన "మీ బిడ్ ముందుంది" అని పచ్చటి అక్షరాలు పలకరించేవి. ఏడో రోజు రాత్రి, ఇంకా నాలుగు సెకన్లుందనగా ఎవరో నా పైన ఒక్క మెట్టు (పాట ఒకసారికి కనీసం పెరగాల్సిన మొత్తం) ఎక్కువ పాడారు. నేను వేలు కదిపేలోపు గడియారం సున్నాకొచ్చింది. అలా ఓడిపోయిన ప్రతివాళ్లకీ వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది: ఇక మీదట నేనూ చివరి సెకనులోనే పాడతాను.

నెల తిరక్కుండానే వేరే సైట్‌లో ఇంకో పెన్ను కోసం అంతపనీ చేశాను. ఎనిమిది సెకన్లుండగా బిడ్ కొట్టాను. గడియారం చటుక్కున వెనక్కి వెళ్లి రెండు నిమిషాలు చూపించింది. అవతలివాళ్లు పెంచారు, నేను పెంచాను, మళ్లీ రెండు నిమిషాలు. అలా పదకొండు సార్లు. చివరికి గెలిచాను, అనుకున్నదానికి దాదాపు రెట్టింపు పెట్టి. వేలంవెర్రి అనే మాటలో వేలం ఎందుకుందో ఆ రాత్రి నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. పెన్ను వచ్చాక చూస్తే మూత అంచున వెంట్రుకవాసి పగులు. ఫొటోలో అది సరిగ్గా నీడలో పడింది.

రెండు చోట్లా వేలం ముగిసే తీరు వేరు. అది చదవకుండా దూకాను. ఇప్పుడు ఎవరైనా "ఏ పద్ధతిలో పాడితే మంచిది" అని అడిగితే, ముందు ఏ వేలం, ఏ వస్తువు అని ఎదురడుగుతున్నాను. నాణేలు, స్టాంపులు, గడియారాలు, కెమెరాలు, పాత పోస్టుకార్డులు, మీరు కూడబెట్టేది ఏదైనా ఈ లెక్క పెద్దగా మారదు.

## పద్ధతి ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

గడియారం ఎలా ఆగుతుంది? అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఈబేలాంటి చోట చెప్పిన టైమ్‌కి వేలం ఖచ్చితంగా ఆగిపోతుంది. చివరి సెకనులో బిడ్ పడినా అదనపు సమయం ఉండదు. దీన్ని నిక్కచ్చి ముగింపు అందాం. సేకరణ వస్తువులకే ప్రత్యేకమైన చాలా సైట్లలో మాత్రం చివరి నిమిషంలో ఎవరైనా పాడితే గడువు మళ్లీ పొడిగిస్తారు. ఇది సాగే ముగింపు. 1999లో అమెజాన్ మొదలుపెట్టి తర్వాత మూసేసిన వేలాల విభాగంలో చివరి బిడ్ తర్వాత పది నిమిషాలు ఎవరూ పాడకుండా ఉంటేనే లాట్ (వేలానికి పెట్టిన ఒక్కో వస్తువు) ముగిసేది. ఈ తేడా మనుషుల ప్రవర్తనని ఎంత మారుస్తుందో ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఈబేలో జనం చివరి నిమిషాల కోసం కాచుకుని కూర్చున్నారు. అమెజాన్‌లో ఆ కాపు చాలా తక్కువ. అనుభవం పెరిగేకొద్దీ ఈబే పాటదారులు ఇంకా ఆలస్యంగా పాడారు. అమెజాన్‌లో అది జరగలేదు.

మూడో రకం కూడా ఉంది. హాలులో వేలం నడుస్తుంటే మనం స్క్రీన్ మీంచి పాల్గొనేది. అక్కడ గడియారం ఉండదు, సుత్తి పట్టుకున్న మనిషి ఉంటాడు. బిడ్ అక్కడికి చేరేసరికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యం కావచ్చు కాబట్టి "మూడోసారి" అనేదాకా ఆగడం ప్రమాదం.

అలాంటిది మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? నెలకి నాలుగు సార్లు అమ్మకానికొచ్చే వస్తువుకి, పదేళ్లకోసారి కనపడే వస్తువుకి ఒకే పద్ధతి పనికిరాదు. మొదటిదానికి ఓర్పే పెట్టుబడి. రెండోదానికి ఓడిపోవడమే అసలు నష్టం.

దాని విలువ మీకు ఎంత ఖాయంగా తెలుసు? ఇక్కడ కొంచెం ఆగాలి. మీ దగ్గరున్న సెట్‌లో ఒక్క స్టాంపు తక్కువైతే, దాని విలువ మీకు మాత్రమే తెలిసిన సొంత లెక్క. ఎదుటివాడు ఎంత పాడినా అది మారదు. కానీ అది అసలుదో నకిలీదో, మరమ్మతు జరిగిందో లేదో తెలియనప్పుడు అందరూ ఊహలే పాడుతుంటారు. ఊహలు పాడే చోట గెలిచేది అందరికంటే ఎక్కువగా ఊహించినవాడు, అంటే అందరికంటే ఎక్కువ పొరబడే అవకాశం ఉన్నవాడు. 1971లో ముగ్గురు చమురు కంపెనీ ఇంజినీర్లు సముద్రంలో చమురు తవ్వే హక్కుల వేలాల గురించి రాస్తూ ఈ సంగతి బయటపెట్టారు. గెలిచినవాడి శాపం అని దానికి పేరు పడింది. నా పగిలిన మూత కథ అదే. ఫొటోలు తక్కువున్న చోట, వివరణ పొడిపొడిగా ఉన్న చోట, పాటదారులు ఎక్కువయ్యేకొద్దీ మీ అంకె కిందికి రావాలి. మనకేమో సరిగ్గా తిరగబడుతుంది. పదిమంది పాడుతున్నారంటే ఏదో ఉన్నట్టే అనుకుని పెంచేస్తాం.

చేతికొచ్చేసరికి ఎంతవుతుంది? 1975లో లండన్‌లో క్రిస్టీస్, సొదబీస్ అనే వేలం సంస్థలు కొన్నవాళ్ల దగ్గర కూడా పాడిన ధర మీద 10 శాతం ప్రీమియం తీసుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పెద్ద వేలంశాలల్లో అది 20 శాతం దాటడం మామూలే. దాని మీద పన్ను, షిప్పింగ్, బీమా, దేశం దాటితే కస్టమ్స్. కాబట్టి లెక్క వెనకనుంచి వెయ్యాలి. మొత్తం 1000 మించకూడదు అనుకున్నారనుకోండి. షిప్పింగ్, బీమా కలిపి 70 తీసేస్తే 930. ప్రీమియం 24 శాతం అయితే 930ని 1.24తో భాగించండి, 750 వస్తుంది. మీరు పాడాల్సింది 750, వెయ్యి కాదు. పన్ను, కస్టమ్స్ ఉంటే ఇంకా కిందికి. ఇది పాట మొదలయ్యాక వేసే లెక్క కాదు. అప్పుడు వేస్తే ప్రతి శాతమూ "పోనీలే" అనిపిస్తుంది.

ఇక ఐదోది మీ స్వభావం. చివరి నిమిషంలో చేతులు చల్లబడేవాళ్లుంటారు, పౌరుషం పొడుచుకొచ్చేవాళ్లుంటారు. నేను రెండో రకం. ఏ రకమో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షేం అక్కర్లేదు, కిందటి మూడు వేలాల్లో రాసుకున్న అంకెకీ కట్టిన అంకెకీ తేడా చూసుకుంటే చాలు.

## సైట్ మీ తరఫున ఎలా పాడుతుందంటే

ఏ పద్ధతి పనితీరు అర్థం కావాలన్నా ఆటోమేటిక్ బిడ్ సంగతి తెలియాలి. మీరు గరిష్ఠం 850 అని ఇస్తే సైట్ దాన్ని ఎవరికీ చూపించదు. అవతలివాళ్లని దాటడానికి ఎంత కావాలో అంతే పాడుతుంది. ఉదాహరణకి మెట్టు 20, ఎదుటి గరిష్ఠం 620 అయితే పేజీ మీద కనిపించే ధర 640. మీ 850లో మిగతాది లోపలే ఉంటుంది. ఇంకొకరు వచ్చి 845 ఇస్తే ధర 850కి చేరుతుంది, లాట్ మీదే. ఇంకొకరు సరిగ్గా 850 ఇచ్చినా మీదే, ఎందుకంటే ఈబేలాంటి సైట్లలో సమానమైతే ముందు పాడినవాళ్లదే గెలుపు. కనిపించే ధర 640 ఉండగా ఎవరో 851 ఇచ్చారనుకోండి, పోయింది.

అందుకే గుండ్రటి అంకెలు ఇవ్వొద్దు. 500, 850, 1000 అనే అంకెల దగ్గర జనం గుంపుగా ఆగుతారు. 857 అనో 1013 అనో ఇస్తే ఆ గుంపుకి ఒక అడుగు ముందుంటారు. కొన్ని వేలంశాలలు మాత్రం మెట్టుకి సరిపడని అంకెని కిందికి సర్దేస్తాయి. అక్కడ ఈ ఉపాయం చెల్లదు.

గెలిచినవాడు తన గరిష్ఠం కాకుండా రెండో స్థానంలో ఉన్నవాడి అంకె దగ్గర్లో కట్టడం కంప్యూటర్ వచ్చాక పుట్టిన తెలివి కాదు. 1893 నాటికే అమెరికాలో స్టాంపుల వ్యాపారులు ఉత్తరాల ద్వారా జరిపే వేలాల్లో దీన్ని వాడారు. 1961లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త దీనికి సిద్ధాంతం రాశాడు: ఇలాంటి వేలంలో మీకు ఎంత విలువో అంతా నిజాయితీగా రాసివ్వడమే మేలు, తగ్గించి రాస్తే కలిసొచ్చేది లేదు. 1996లో ఆయనకి నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే చనిపోయాడు. సేకర్తలు ఆయనకంటే దాదాపు డెబ్భై ఏళ్ల ముందే ఆ దారిలో నడుస్తుండటం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఈ లెక్క తెలిశాక నా మొదటి ఓటమిని మళ్లీ చూసుకున్నాను. "ఒక్క మెట్టు తేడాతో పోయింది" అని ఎన్నాళ్లో బాధపడ్డాను. నిజానికి పేజీ మీద కనిపించేది నా అంకె కంటే ఒక మెట్టు పైన మాత్రమే. అవతలివాడు నా అంకెకి మూడు రెట్లు ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు నేను ఇంకో మెట్టు వేసినా, ఇంకో పది వేసినా ఒరిగేదేం లేదు, వాడి బిల్లు పెంచడం తప్ప.

## మొదట్లోనే గరిష్ఠం ఇచ్చేసి మర్చిపోవడం

లాట్ చూసిన రోజే లెక్క వేసుకుని, అసలు అంకె ఇచ్చేసి, పేజీ మూసేయడం. విక్రీ లెక్క ప్రకారం ఇది చాలు. టెన్షన్ లేదు, నిద్ర పాడవదు, సమానమైతే మనదే పైచేయి. సాగే ముగింపు ఉన్న వేలంలో నేను ఇప్పుడు దాదాపు ఎప్పుడూ ఇదే చేస్తున్నాను. అక్కడ చివరి సెకనుకి విలువ లేదు కాబట్టి దానికోసం మేలుకోవడం దండగ.

ఇబ్బంది ఏమిటంటే విక్రీ ఊహించిన పాటదారులు తమ విలువ తమకి తెలిసినవాళ్లు. ఆన్‌లైన్‌లో చాలామందికి అది తెలియదు, ఎదుటివాళ్లని చూసి నిర్ణయించుకుంటారు. మీరు ముందే పాడితే వాళ్లకి వారం రోజులు ఆలోచించుకునే టైమ్ ఇచ్చినట్టు. రోజుకో మెట్టు వేసి మీ గరిష్ఠం ఎక్కడుందో తడుముతారు. పైగా మీరు ఆ విభాగంలో పేరున్న సేకర్త అయి, సైట్‌లో పాటదారుల పేర్లు కనిపిస్తుంటే, మీ బిడ్ ఒక ధ్రువపత్రంతో సమానం. "ఆయన పాడుతున్నారంటే అసలుదే" అని నలుగురు చేరతారు. రోత్, ఒకెన్‌ఫెల్స్ పరిశీలనలో ఈబేలో కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల వేలాల్లో ఆలస్యపు బిడ్‌లు ఎక్కువగా కనపడటానికి ఇదొక కారణం. కంప్యూటర్ విలువ అందరికీ తెలుసు. పాత వస్తువు విలువ తెలిసినవాడు నోరు మూసుకోవడమే లాభం.

## ఒక్కో మెట్టూ ఎక్కడం

కనిపించే ధర మీద ఒక మెట్టు, ఎవరైనా దాటితే ఇంకో మెట్టు. కొత్తవాళ్లందరూ మొదలుపెట్టేది ఇక్కడే, ఎందుకంటే ఇందులో ప్రతిసారీ "ఇంకో ఇరవయ్యే కదా" అనిపిస్తుంది. ఆ ఇరవైలు కూడబెడితే నా పదకొండు సార్ల కథ అవుతుంది.

దీనిలో కనపడని ఉచ్చు ఇంకొకటుంది. ఎన్ని రోజులు ముందంజలో ఉంటే ఆ వస్తువు అంత మనదనిపిస్తుంది. పెన్ను ఏ డబ్బాలో పెట్టాలో, ఏ సిరా పోయాలో కూడా నేను అనుకున్నాను. ఆ తర్వాత ఎవరైనా దాటితే అది వేలంలో వెనకబడటంలా ఉండదు, మన ఇంట్లోంచి ఎత్తుకెళ్లినట్టుంటుంది. అప్పుడు పెట్టే డబ్బుకి లెక్కతో సంబంధం ఉండదు.

రెండు చోట్ల మాత్రం ఇది పనికొస్తుంది. హాలు వేలంలో ఎలాగూ మెట్టు మెట్టుగానే సాగాలి. ఇక విలువ సరిగ్గా తెలియని వస్తువుకి సాగే ముగింపు ఉంటే, బాగా తెలిసినవాళ్లు ఎక్కడ ఆగారో చూడటం కూడా ఒక సమాచారమే. వాళ్లు ఆగిన చోట మీరూ ఆగగలిగితే.

## చివరి సెకన్లలో పాడటం

స్నైపింగ్ అంటారు. ఈబే నిబంధనల ప్రకారం ఇది తప్పు కాదు. నిక్కచ్చి ముగింపు ఉన్న వేలంలో, మెట్లెక్కే అలవాటున్నవాళ్ల మీద దీనికి మించిన మందు లేదు. వాళ్లు తమ అసలు గరిష్ఠం ఇంకా ఇవ్వలేదు, "ఎవరైనా దాటితే అప్పుడు చూద్దాం" అనుకుంటూ ఉంటారు. మీరు ఐదు సెకన్లుండగా దాటితే ఆ "అప్పుడు" రాదు.

కానీ ముందే పూర్తి గరిష్ఠం ఇచ్చి పడుకున్నవాడి మీద స్నైపింగ్‌కి ఏ బలమూ లేదు. వాడి అంకె మీకంటే ఎక్కువైతే మీరు ఐదో సెకనులో పాడినా ఐదో రోజున పాడినా ఓటమే. అందుకే చివరి సెకనులో పాడేవాళ్లు చేసే పెద్ద తప్పు, కనిపించే ధర మీద ఒకటి రెండు మెట్లు మాత్రమే వేయడం. ఒకే ఒక్క బాణం ఉన్నప్పుడు సగం లాగి వదలకూడదు. మీ నిజమైన గరిష్ఠం, చివర్లో బేసి అంకెతో, ఇవ్వండి.

చేత్తో చేసేవాళ్లకి కొన్ని మెలకువలు. ముందే లాగిన్ అయి ఉండండి, అరగంట క్రితం తెరిచిన పేజీ మిమ్మల్ని మళ్లీ పాస్‌వర్డ్ అడగొచ్చు. అంకె ముందే టైప్ చేసి, నిర్ధారణ బటన్ దాకా వెళ్లి ఆగండి. ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు, పేజీలో కనిపించే గడియారాన్ని చూడండి. రెండు సెకన్లకి దిగొద్దు, ఆరు నుంచి ఎనిమిది నా లెక్క. ఆ నాలుగు సెకన్ల కోసం సాహసం చేసి, తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ లాట్ పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మీ తరఫున ఈ పని చేసిపెట్టే సేవలు ఉన్నాయి. అవి నిద్రలో ఉండగా కూడా పాడతాయి, అన్నిటికంటే ముఖ్యంగా వాటికి పౌరుషం రాదు. బదులుగా మీ ఖాతా వివరాలు మూడోవాళ్ల చేతిలో పెట్టాలి. నేను పెట్టలేదు. పెట్టేవాళ్లు ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిదై ఉండేలా చూసుకోవాలి.

## పెద్ద అంగ వేసి భయపెట్టడం

ధర 200 ఉండగా ఒకేసారి 600 పాడటం. హాలులో, లేదా పాడిన అంకె యథాతథంగా కనిపించే సైట్లలో, సరదాకి వచ్చినవాళ్లని ఇది చెదరగొడుతుంది. గట్టివాళ్లని చెదరగొట్టదు. పోటీయే లేకుండా 240కి వచ్చేదాన్ని 600కి కొన్న సందర్భాలు మీకెప్పటికీ తెలియవు కాబట్టి ఈ పద్ధతికి ఉండాల్సిన దానికంటే మంచి పేరుంది. ఆటోమేటిక్ బిడ్ ఉన్న చోట 600 ఇచ్చినా కనిపించేది రెండో అంకె పైన ఒక మెట్టే, ఎవరూ భయపడరు.

## ఒకటి చాలు, వరుసలో నాలుగున్నాయి

తరచూ దొరికే వస్తువులకి ఇది నాకు ఇష్టమైన పద్ధతి. ఒకే రకం లాట్లు నాలుగు వేర్వేరు రోజుల్లో ముగుస్తున్నాయనుకోండి. ముగిసే క్రమంలో రాసుకుని, మొదటిదానికి తక్కువ అంకె, ఓడితే రెండోదానికి, అలా వెళ్లడం. ఒకటి గెలవగానే మిగతావి వదిలేయడం. కొన్ని స్నైపింగ్ సేవల్లో ఈ లాట్లన్నీ ఒక గుంపుగా పెట్టుకునే వీలుంది.

మొదటిదానికే ఎక్కువ పెట్టకపోవడానికి కారణం ఉంది. ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త 1989లో వైన్ వేలాలు పరిశీలించి, అచ్చంగా ఒకేలాంటి లాట్లు వరుసగా అమ్మినప్పుడు తర్వాతివాటి ధర పెరగడం కంటే తగ్గడమే తరచుగా జరుగుతోందని చూపించాడు. ఆత్రం ఎక్కువున్నవాళ్లు మొదటిదానితో వెళ్లిపోతారు, ఓపికున్నవాళ్లకి గది ఖాళీ అవుతుంది.

ఒక్క హెచ్చరిక. నాలుగింటి మీదా ఒకేసారి బిడ్ వేసి, ఒకటి వచ్చాక మిగతావి రద్దు చేసుకుందాం అనుకోవద్దు. బిడ్ వెనక్కి తీసుకోవడం దాదాపు ఎక్కడా తేలిక కాదు. ఈబేలో అంకె తప్పుగా కొట్టడం లాంటి కొన్ని కారణాలకే ఒప్పుకుంటారు. చివరి 12 గంటల్లో అయితే బిడ్ వేసిన గంటలోపే వెనక్కి తీసుకోవాలి. "మనసు మారింది" అనేది ఆ జాబితాలో లేదు.

## అసలు పాడకుండా కొనడం

ఇప్పుడే కొనండి అనే బటన్ ఉంటే, ఆ ధర మీ లెక్కలోపే ఉంటే, వస్తువు అరుదైతే, ఇంకేం ఆలోచించొద్దు. ఇంకొంచెం తక్కువకి వస్తుందేమోనని వేలానికి వెళ్లి పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. ఇందులోనే తిరకాసు ఉపాయం ఒకటుంది. చాలా విభాగాల్లో మొదటి బిడ్ పడగానే ఆ బటన్ మాయమవుతుంది. కొనే ధర మీకు ఎక్కువనిపిస్తే, చిన్న బిడ్ ఒకటి వేసి ఇంకెవరూ ఆ ధరకి ఎగరేసుకుపోకుండా ఆపి, అసలు బిడ్ చివర్లో ఇవ్వొచ్చు.

అమ్ముడుపోని లాట్ల జాబితా కూడా చూడండి. వేలం అయిపోయాక రెండు మూడు రోజుల్లో వేలంశాలకి రాస్తే, రిజర్వు ధరకో (అమ్మేవాళ్లు ఇంతకి తగ్గకూడదని పెట్టుకున్న ధర) కాస్త అటూ ఇటూగానో ఇచ్చే సందర్భాలుంటాయి. ఎదురు పాటదారులే లేని వేలం అది. సైట్ బయట చూసుకుందాం అని అమ్మేవాళ్లంటే మాత్రం వద్దు. నిబంధనకి విరుద్ధం, పైగా వస్తువు రాకపోతే అడిగే దిక్కుండదు.

## పక్కపక్కన పెడితే

| పద్ధతి | నిక్కచ్చి ముగింపు | సాగే ముగింపు | నప్పే వస్తువు | కొట్టే దెబ్బ |
|---|---|---|---|---|
| ముందే గరిష్ఠం | ఫర్వాలేదు | చాలా మంచిది | విలువ ఖాయంగా తెలిసినది | ఆసక్తి బయటపడుతుంది |
| మెట్టు మెట్టు | వద్దు | జాగ్రత్తగా | విలువ తెలియనిది | లెక్క తప్పడం |
| చివరి సెకన్లు | చాలా మంచిది | దండగ | మీకే విలువ తెలిసినది | నెట్, గడియారం |
| పెద్ద అంగ | పనిచేయదు | అరుదుగా | హాలు వేలం లాట్లు | ఉత్తినే ఎక్కువ కట్టడం |
| వరుసలో ఒకటి | మంచిది | మంచిది | తరచూ దొరికేది | నచ్చిన నమూనా పోవడం |
| నేరుగా కొనడం | సంబంధం లేదు | సంబంధం లేదు | మరీ అరుదైనది | నాలుగు డబ్బులు ఎక్కువ |

## మీరు ఏ రకం?

ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు. మొదటి నెలంతా పాడకండి. ముగిసిన వేలాల ధరలు మాత్రమే చూడండి, అడిగే ధరలు కాదు. అడగడానికి ఏముంది, ఎవరైనా ఎంతైనా అడుగుతారు. పాతిక లాట్ల ముగింపు ధర ఒక పుస్తకంలో రాసుకున్నాక వరుసలో ఒకటి పద్ధతితో దిగండి.

సెట్ పూర్తి చేసేవాళ్లు. మీ ప్రమాదం చివరి రెండు ముక్కల దగ్గరుంది. అప్పటిదాకా జాగ్రత్తగా కొన్నవాళ్లు అక్కడ జారిపోతారు. నిక్కచ్చి ముగింపు అయితే చివరి సెకన్లు, సాగేదైతే ముందే గరిష్ఠం. కానీ మీ అంకెలో "సెట్ పూర్తవుతుంది" అన్నదానికి ఎంత ఇస్తున్నారో విడిగా రాసుకోండి. రేపు అమ్మాల్సొస్తే ఆ భాగం తిరిగి రాదు.

జీవితంలో ఒక్కసారి కనపడేదాని కోసం చూసేవాళ్లు. ఇక్కడ నేను పిసినారితనం చెప్పను. ముగింపు ధరల చరిత్రే లేని వస్తువుకి పాత లెక్కలు తెచ్చి పాడితే ఓడిపోవడం ఖాయం. ఎంత పాడాక ఓడిపోయినా బాధ ఉండదో ఆ అంకె ఇవ్వండి. 740 అనుకుంటే, అది 760కి పోయిందని తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కడుపు రగిలితే 740 మీ అసలు అంకె కాదన్నమాట. పైకి జరపండి, రగలడం ఆగేదాకా. ఆ ఆగిన చోటే ఆగండి. ఇది వేలానికి ముందు రోజు పగటిపూట చేసే పని.

తిరిగి అమ్మేవాళ్లు. విలువ మీదొక్కరిది కాదు, మార్కెట్‌ది. గెలిచినవాడి శాపం అందరికంటే గట్టిగా తగిలేది మీకే. పాటదారులు గుమిగూడిన లాట్ నుంచి తప్పుకుని, వివరణ సరిగ్గా రాయని, పేరు తప్పుగా పడిన, వెతికితే గాని దొరకని లాట్ల మీద పొద్దు గడపండి.

## దొంగ పాటలు, రెండో అవకాశాలు

అమ్మేవాళ్లే వేరే ఖాతాలతో పాడి ధర ఎక్కించడం దాదాపు ప్రతి సైట్‌లోనూ నిషేధమే, అయినా జరుగుతుంది. 2000 మేలో 25 సెంట్ల దగ్గర మొదలైన ఒక పెయింటింగ్ ఈబేలో 1,35,805 డాలర్ల దాకా వెళ్లింది. దాని మీద "ఆర్.డి." అక్షరాలు చూసి చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కోర్న్ గీసిందని జనం అనుకున్నారు. అమ్మినవాళ్లు సొంత మనుషులతో పాడించినట్టు బయటపడి అమ్మకం రద్దయింది, కేసు నడిచింది, నేరం ఒప్పుకున్నారు. మెట్టు మెట్టు పాడేవాళ్లే దొంగ పాటకి మొదటి ఆహారం, ఎందుకంటే ఎంతవరకు లాగొచ్చో వాళ్లే చూపిస్తారు. ముందే గరిష్ఠం ఇచ్చినవాళ్లకీ ముప్పు ఉంది, ఆ గరిష్ఠం దాకా నెట్టుకెళ్లొచ్చు. చివరి సెకన్లలో పాడేవాళ్లని నెట్టడానికి వాళ్లకి టైమ్ చాలదు.

బిడ్‌ల చరిత్ర తెరిచి చూడండి. ఒకే అమ్మకందారు లాట్ల మీదే పాడుతూ, దాదాపు ఎప్పుడూ గెలవని ఖాతా కనిపిస్తే ఆ లాట్ వదిలేయడం మంచిది.

ఇలాంటి చోటే ఇంకోటి ఎదురవుతుంది. మీరు 857 పాడి ఓడిపోతారు. రెండు రోజుల తర్వాత "గెలిచినవారు తప్పుకున్నారు, మీ 857కే ఇస్తాం" అని కబురొస్తుంది. నిజంగానే డబ్బు కట్టకుండా తప్పుకునేవాళ్లుంటారు, కాబట్టి ప్రతి కబురూ మోసం కాదు. ముందు ఆ కబురు సైట్ లోపల మీ ఖాతాలో కూడా ఉందో లేదో చూడండి. మెయిల్‌లో మాత్రమే ఉంటే ఆ లింకు నొక్కకుండా చెరిపేయండి. ఖాతాలో ఉంటే బిడ్‌ల చరిత్రకి వెళ్లి, తప్పుకున్నాడన్న ఆ మనిషి లేకపోతే ధర ఎక్కడ ఆగేదో వెతకండి. మీ కింద మూడోవాడు 610 దగ్గర ఆగాడనుకోండి, ఆ మనిషి లేకుంటే మీకు 630కి వచ్చేది. ఆ 857ని ఒప్పుకోవాల్సిన పని మీకు లేదు. నేనైతే 630కి ఇస్తారా అని అడుగుతాను, కుదరదంటే సరేనంటాను. ఒకసారి అలా కుదరదన్న పెన్ను మూడు వారాలకి మళ్లీ వేలానికొచ్చింది. ఈసారి ఫొటోలు ఎక్కువ పెట్టారు. ఐదోదాంట్లో పాళీ కొన వంకర స్పష్టంగా కనపడుతోంది.